నూరు మీద అంటించిన పట్టీ

పందొమ్మిదివందల డెబ్బైలలో మొఘల్‌పురాలో ఒక ఫొటో స్టూడియోలో నేను పెన్సిల్ పని చేసేదాన్ని. అంటే నెగెటివ్‌ల మీద మొటిమలు, మచ్చలు, కళ్ల కింది చారలు సన్నటి పెన్సిల్ మొనతో పూడ్చడం. పాతబస్తీలో సగం పెళ్లికొడుకుల ముఖాలు నునుపెక్కింది నా చేతిలోనే. కెమెరాను మాత్రం స్టూడియో యజమాని సేట్ ముట్టనిచ్చేవాడు కాదు.

"ఆడపిల్లవని కూసొని చేసే పనిచ్చిన. ఇంకేం గావాలె?" అనేవాడు.

నాకు కెమెరా కావాలి. ఆ మాటే రోజూ అడిగేదాన్ని, రోజూ కాదనేవాడు. ఇద్దరికీ విసుగు రాలేదు.

ఆ కెమెరాకు ఫిలిం స్పీడు పెట్టే చిన్న చక్రం ఉండేది. అది నూరు అంకె దగ్గర ఉండగా, కదలకుండా దాని మీద గాయాలకు వేసే తెల్ల పట్టీ అంటించి ఉంచాడు సేట్. మేం వాడేది నూరు స్పీడు ఫిలిమే. వెనకటికి ఎవరో ఆ చక్రం కదిపి రీలు పాడుచేశారట.

"డబ్బా మీద ఏముంటే చక్రం మీద గదే. సొంత తెలివి ఇంట్ల పెట్టి రా" అనేవాడు.

ముట్టవద్దంటే ముట్టాలనిపించే పుట్టుక నాది. కెమెరాతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం సొరుగులో దుమ్ము పట్టి ఉంటే, కూడబలుక్కుంటూ చదివాను. చక్రం తిప్పితే ఫిలిం మారదు. ఎంత వెలుగు కావాలో చూపించే ముల్లుకు మనం చెప్పే మాట మారుతుంది, అంతే. లోపల ఉన్నది నూరు ఫిలిమే అయినా నాలుగువందలని చెబితే, ముల్లు నమ్మేసి తక్కువ వెలుగు చాలంటుంది. ఆ లోటు తర్వాత రీలు కడిగేటప్పుడు, మందునీళ్లలో ఎక్కువసేపు ఉంచి మనమే పూడ్చాలి. అబద్ధం ఆడినవాళ్లే దాన్ని నిలబెట్టుకోవాలి.

ఒకసారి మా వెనక గల్లీలో పెళ్లి కుదిరింది. పరదా పాటించే ఇల్లు, ఆడవాళ్ల వైపు మగ ఫొటోగ్రాఫర్ అడుగు పెట్టడానికి లేదు. సేట్ చాలాసేపు గడ్డం గోక్కుని, చివరికి కెమెరా నా మెడలో వేశాడు.

"పెండ్లి మళ్ల రాదు. ఫొటోలు ఖరాబైతే బతుకంతా పెన్సిలే పడుతవు, యాదుంచుకో."

"ఉంచుకుంట" అన్నాను.

మధ్యాహ్నం వెళ్లాను. కిటికీలకు మందపాటి పరదాలు. పెళ్లికూతురి పక్కన వాళ్ల అమ్మమ్మ నల్ల కళ్లద్దాలతో కూర్చుంది. నేను ఫ్లాష్ బిగిస్తుంటే పెళ్లికూతురి పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"నానీమాకు మొన్ననే కండ్ల ఆపరేషనైంది బేటీ. గా బిజ్లీ కొట్టకు."

పెళ్లికూతురిని వెలుగున్న వరండాలోకి రమ్మన్నాను. నానీమా పక్కన లేకపోతే తనకు ఫొటోనే వద్దంది. కెమెరాలో చూస్తే ముల్లు కిందికి వాలిపోయింది. ఆ వెలుగులో నూరు మీద తీస్తే షట్టర్ తెరుచుకుని మూసుకునేలోగా మనుషులు కదిలిపోతారు, ముఖాల బదులు పొగ పడుతుంది. తిరిగి వెళ్లి నా వల్ల కాలేదని చెప్పవచ్చు. సేట్ కోపం కూడా పడడు, ముందే చెప్పానుగా అని నవ్వుతాడు. ఆ నవ్వు తలుచుకోగానే నాకు ఒళ్లు మండింది.

గోటితో పట్టీ పీకాను. చక్రం నాలుగువందల మీదికి తిప్పితే ముల్లు లేచింది. రీలంతా అలాగే తీశాను. నానీమాకు చూపు ఇంకా సరిగా ఆనడం లేదేమో, మనవరాలి ముఖాన్ని వేళ్లతో తడిమి చూసుకుంది. అదీ తీశాను.

స్టూడియోకు వచ్చి దాచకుండా చెప్పాను. "పట్టీ పీకిన సేట్. నాలుగువందల మీద తీసిన. రీలు ఎక్కువసేపు కడగాలె."

సేట్ స్టూలు మీద కూలబడ్డాడు. "పెండ్లి ఖరాబ్ జేసినవ్. ఆళ్లకు నేను ఏం మొకం సూపియ్యాలె? ఇటియ్యి, ఎప్పటి లెక్కనే కడుగుత. వచ్చినయే వస్తయి."

ఎప్పటిలాగా కడిగితే ఏమీ రావు. "ఇయ్య" అన్నాను.

"డార్క్‌రూంలకు ఆడపిల్ల పోదు."

"ఇయ్యాల పోతది" అని లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నాను.

రీలు కడగడం అంతవరకూ చదివిందే తప్ప చేసింది లేదు. ఆ చీకట్లో తడుముకుంటూ రీలును డబ్బాలోకి ఎక్కించాను. ధైర్యం ఉందని నేనెప్పుడూ అనుకోలేదు, పంతం ఉంది. మందు పోసి డబ్బా ఊపుతుంటే సేట్ తలుపు బాదడం మొదలుపెట్టాడు.

"టైమైంది, తియ్."

"తియ్య."

"నల్లగా మాడిపోతది, తియ్."

"తియ్యనంటే తియ్య."

బొమ్మను నిలిపే రెండో మందు కూడా పోసి, నీళ్లలో కడిగి రీలును బల్బుకు ఎదురు పట్టాను. నానీమా వేళ్లు కనబడ్డాయి, వాటి కింద పెళ్లికూతురి చెంప. అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే, పొగరుతో కూడా.

ఆ నెగెటివ్‌కు ప్రింటు వేసి చూశాడు సేట్. "రవ్వ పోసినట్టున్నది" అన్నాడు. నిజమే, గరుకుగానే వచ్చింది. కాదనలేదు. కాసేపటికి నెగెటివ్, పెన్సిల్ నా ముందుకు తోశాడు. "కనీసం ముసలమ్మ ముడతలన్న పూడ్చు."

"పెన్సిల్ పెట్ట. ముడతలు నానీమావి సేట్, మనయి గావు."

ఆ ముడతలతోనే ఇచ్చాం. పెళ్లికూతురు మనిషిని పంపి అదే ఫొటో పెద్దది చేయించుకుంది.

ఫొటోలు ఇచ్చిన మర్నాడు వచ్చి చూస్తే చక్రం నూరు మీదికి వచ్చేసింది, దాని మీద కొత్త పట్టీ. సేట్ చూస్తుండగానే దాన్ని పీకి నా పెన్సిల్ డబ్బా మూతకు అంటించాను, ఆ మూత మళ్లీ తెరుచుకోకుండా. తిడతాడనుకున్నాను. తాగుతున్న చాయ్ పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"ఐతారం జహనుమ బస్తీల ఇంకో పెండ్లున్నది. నూరు మీద తీస్తవా, నాలుగువందల మీదనా?"

"ఆడికి పోయి వెలుగు చూసినంక చెప్త" అన్నాను.