గువ్వలచెరువు కనుమలో ముందు సీటు

చలికాలంలో గువ్వలచెరువు కనుమ దిగేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: బస్సులో ముందు సీటు కోసం పోట్లాడకండి. పంతొమ్మిదివందల యాభైలలో ఒక పొద్దున రాయచోటిలో నేను పోట్లాడి మరీ కూర్చున్నాను.

కనుమ మొదట్లో పొగమంచు కమ్మింది. ఒక గొర్రెల కాపరి బస్సుకు అడ్డం వచ్చి, "కింద మలుపులో రోడ్డంచు గోడ కూలిపోయుండాది, పదిలం" అన్నాడు. డ్రైవరు నా వైపు తిరిగాడు.

"దిగప్పా. మంచు పడితే ముందు సీటాయన బస్సు ముందర నడవాల. ఈడ అదే కట్టుబాటు."

"నేనేమన్నా నీ క్లీనర్‌నా?"

"సీటుకు కొట్లాడినప్పుడు అడగాల్సింది!"

బస్సంతా నవ్వింది. నా తెల్లబట్టలు మంచులో కనపడవంటూ డ్రైవరు తన నల్ల కంబళి నా మీద వేశాడు. అంచు వెంబడి కాలితో తడుముకుంటూ నడిచాను. వెనకే ఇంజను మూలుగు. మూడో మలుపులో నా కాలికి నేల తగల్లేదు. వెనక్కి పడి "ఆపు!" అని అరిచాను. చక్రం మూరెడు దూరంలో ఆగింది.

ఆ మలుపు దాటించి, మంచు విడిచాక బస్సెక్కితే, నా సీటులో ఒక ముసలమ్మ కూర్చొని ఉంది.

"ఇంగ మంచు ల్యాదు గదా నాయనా" అంది.

కడప దాకా నిలబడే వచ్చాను.