పెళ్ళిపాఠాల త్యాగరాజుకు పెళ్ళి కాలేదు

త్యాగరాజు ఆర్కే పురంలోని సర్కారు క్వార్టరులో ఉంటూ ఒక కేంద్ర కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరుగా చేసేవాడు. అది జీతం కోసం చేసే ఉద్యోగం. ఆయన అసలు ఉద్యోగం శనివారం సాయంత్రాలది. ఢిల్లీలో ఉన్న తెలుగు కతోలికుల పిల్లల్లో ఎవరికి పెళ్ళి కుదిరినా, ముందుగా గుడి పక్కనున్న హాల్లో నాలుగు శనివారాలు ఆయన ఎదుట బుద్ధిగా కూర్చోవాలి. ఆ నాలుగూ గట్టెక్కిన జంట కాపురంలో దేన్నయినా ఓర్చుకోగలదని అందరూ చాటుగా చెప్పుకునేవారు.

ఆయన మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. "మనిషిని ఫాదరుగా చేసే గురుపట్టం దివ్య సంస్కారం. జ్ఞానవివాహం కూడా దివ్య సంస్కారమే. గురుపట్టం ఇచ్చేది బిషప్పు గారు. మరి వివాహం ఇచ్చేదెవరు?" అని అడిగి కళ్ళజోడు మీదుగా చూసేవాడు. ఎవరో ఒక అమాయకుడు "ఫాదర్ గారండీ" అనేవాడు. త్యాగరాజుకు కావలసింది అదే. "తప్పు! పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఒకరికొకరు ఇచ్చుకుంటారు. ఫాదరు గారు సాక్షి. అయితే ఆ సాక్షి సరైన సాక్షి అయ్యుండాలి. ఫలానా వాళ్ళకి పెళ్ళని గుళ్ళో మూడాదివారాలు చెప్పే చాటింపు ఎగ్గొడదామని, ఆ ఊరి గుడి చూసుకునే విచారణ గురువు అనుమతి లేకుండా ఎంత పెద్ద స్వామిని తెచ్చి దీవెన చెప్పించుకున్నా, దాన్ని పెళ్ళి అనరు. విందు భోజనం అంటారు!" ఈ చివరి మాటకు తనే ముందు నవ్వేవాడు.

ఇలా పదిహేనేళ్ళు నవ్వాడు.

రెండువేల అయిదు ఏప్రిల్లో కొడుకు నిరంజన్ ఒక కబురు చెప్పాడు. ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడు, ఎమ్మెస్సీ సీటు కోసం జియా సరాయ్‌లో కోచింగుకు వెళుతున్నాడు. కంచం ముందు కూర్చుని, "పాపా, ముఝే ఫాదర్ బన్‌నా హై" అన్నాడు, తను గుళ్ళో ఫాదరవుతానని. తెలుగు అర్థమవుతుంది గాని నోటికి రాదు వాడికి. త్యాగరాజు ఎంగిలి చేత్తోనే కొడుకుని కావలించుకున్నాడు. మర్నాడు సెక్షనంతటికీ లడ్డూలు పంచాడు. తన వంశంలో గురుపట్టం! మేనమామ తర్వాత మళ్ళీ ఇన్నాళ్ళకు!

ఫాదర్ల చదువు చెప్పే సెమినరీ వాళ్ళు కాగితాలు అడిగారు. జూన్ పదిహేనులోగా అందాలి. కుర్రవాడి జ్ఞానస్నాన పత్రం, తల్లిదండ్రుల వివాహ పత్రం. మొదటిది బీరువాలో ఉంది. రెండోదాని కోసం త్యాగరాజు గుంటూరు జిల్లాలోని సొంత ఊరి గుడికి ఉత్తరం రాశాడు. జవాబు ఒక్క వాక్యం: పుస్తకాలన్నీ వెతికించాము, మీ వివాహం ఎక్కడా నమోదు కాలేదు.

"ఎలకలు కొట్టేసుంటాయి" అన్నాడు త్యాగరాజు.

ఆయన భార్య శౌరీలమ్మ బెండకాయలు తరుగుతూ తలెత్తకుండానే అంది. "ఎలకలనెందుకండీ ఆడిపోసుకుంటారు? రాస్తే గదా కొట్టడానికి."

అప్పుడు గుర్తొచ్చింది. డెబ్భై తొమ్మిదిలో ఆయనకు దొరికింది పదిరోజుల సెలవు. విచారణ గురువు మూడాదివారాల చాటింపు తప్పదన్నాడు. అప్పటికి గుమాస్తా అయిన త్యాగరాజు, ఢిల్లీలో సర్కారు తన భుజాల మీద నడుస్తోందని చెప్పి, ఆయనతో గొడవపడి, ఫాదరయిన మేనమామను పిలిపించుకుని పక్క పల్లె చిన్న గుళ్ళో దీవెన కానిచ్చేశాడు. అనుమతి కాగితం ఎవరూ అడగలేదు. పుస్తకంలో ఎవరూ రాయలేదు. భోజనాలు మాత్రం బ్రహ్మాండంగా జరిగాయి.

భోజనాలు అన్న మాట దగ్గర త్యాగరాజు ఆగిపోయాడు. దాన్ని పెళ్ళి అనరని పదిహేనేళ్ళుగా చెబుతున్నది తనే.

తెలుగు పూజ చెప్పే చిన్న గురువు ఫాదర్ చిన్నప్ప సంగతంతా విని, అంగీ పట్టుకుని మరీ నవ్వాడు. "ఇప్పటికి నా దగ్గరికి ఎన్ని జంటల్ని పంపారు మాస్టారూ?"

"నూట పన్నెండు" అన్నాడు త్యాగరాజు నేలచూపులు చూస్తూ.

"మీది నూట పదమూడోది. కంగారు పడకండి. మీరిద్దరూ మంచి నమ్మకంతోనే చేసుకున్నారు, పిల్లవాడికి ఏ లోటూ రాదు. ఇద్దరు సాక్షుల ఎదుట నా ముందు మళ్ళీ మాట ఇచ్చుకోండి. అయిదు నిమిషాల పని. అయితే ముందు ఇద్దర్నీ విడివిడిగా అడగాలి, ఇష్టంతోనే వస్తున్నారా అని. ఇవన్నీ మీకు నేను చెప్పాలా!"

త్యాగరాజు ఇంటికి పోయి చెప్పులు విప్పుతూనే హుకుం జారీ చేశాడు. "ఆదివారం పూజ కాగానే మనకి మళ్ళీ పెళ్ళి. అయిదు నిమిషాలు. ఆ ఆకుపచ్చ చీర కట్టుకో."

"అట్టాగా!" అంది శౌరీలమ్మ. "అయితే ఇప్పుడు మనకి పెళ్ళి కాలేదన్నమాట."

"రూలు ప్రకారం చూస్తే..."

"ఆలోచించి చెప్తాను." ఆ మాట అని లోపలికెళ్ళి, ఆయన దిండూ దుప్పటీ తెచ్చి ముందుగదిలో దివాను మీద పెట్టింది. "ఏమనుకోకండి. పెళ్ళికాని ఆడదాన్ని. లోకం నాలుగు రకాలుగా అనుకుంటది."

నిరంజన్ పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వాడు. కాబోయే గురువు ఇలా నవ్వవచ్చా అని త్యాగరాజుకు ఒళ్ళు మండింది.

ఆ ఆదివారం పోయింది, మరుసటిదీ పోయింది. త్యాగరాజు గిన్నెలు తోమాడు. ఐఎన్ఏ మార్కెట్టుకు పోయి కరివేపాకూ, మునక్కాయలూ, ఆమెకిష్టమైన ఎండు రొయ్యలూ తెచ్చాడు. శౌరీలమ్మ అన్నీ వండి పెట్టింది, రుచిగా పెట్టింది. జవాబు మాత్రం అదే, ఆలోచిస్తున్నాను. జూన్ నెల వచ్చేసింది. ఆమె నిజంగానే వద్దంటే? కొడుకు కాగితాల భయం పైకి చెప్పుకున్నది. లోపలి భయం వేరే, దాన్ని తలుచుకోవడానికే ఆయనకు ధైర్యం చాల్లేదు.

నాలుగో తేదీ శనివారం హాల్లోకి అడుగు పెట్టేసరికి ముందు బెంచీలో శౌరీలమ్మ కూర్చునుంది. ఒళ్ళో నోటుపుస్తకం. పక్కన గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేసే జశ్వంత్, ప్రణతి.

"నువ్వేంటే ఇక్కడ?"

"పాఠాలు వినకుండా పెళ్ళెట్టా కుదురుద్ది సార్? మీ రూలే గదా."

పాఠం మొదలైంది. చాటింపు సంగతి ఆ పూట ఎందుకో ఆయన నోట రాలేదు. ఇష్టం లేని పెళ్ళి చెల్లదని మాత్రం చెప్పాడు. శౌరీలమ్మ చెయ్యెత్తింది. "సార్, ఎండు రొయ్యలు తెచ్చిపెట్టి ఒప్పించాలని చూస్తే, అది బలవంతం కిందికొస్తదా?" ప్రణతి పకపకా నవ్వింది. త్యాగరాజు సుద్దముక్క కింద పడేసుకున్నాడు.

శౌరీలమ్మ ఆ పిల్లవైపు తిరిగింది. "నీకెట్టా కుదిరిందమ్మా సంబంధం?"

"ఇతనే అడిగాడు ఆంటీ, మెట్రోలో. అయిదుసార్లు అడిగించుకున్నా."

"అడిగాడా? నోరు తెరిచి, నీకిష్టమేనా అని?" శౌరీలమ్మ గొంతులో వేళాకోళం పోయింది. "నాకప్పుడు పంతొమ్మిది. మా నాన్న చెప్పాడు, నేను చీర కట్టుకున్నాను. స్వామి ఏదో గబగబా అడిగాడు. నేను నోరిప్పేలోపు ఎనకనించి మా పెద్దమ్మ నా తల పట్టుకుని కిందికి వంచింది. ఒప్పుకుందన్నారు."

పిల్లలిద్దరూ నవ్వారు. త్యాగరాజు నవ్వలేదు. పదిహేనేళ్ళుగా ఊరందరి పిల్లలకూ ఇష్టం గురించి ఉపన్యాసాలిచ్చిన మనిషికి, తన పక్కన పీఠం ముందు నిలబడ్డ పిల్లను ఎవరూ అడగలేదన్న సంగతే తెలియదు. ఎవరూ అంటే తను కూడా. చాలా సిగ్గేసింది ఆయనకు.

పాఠం అరగంట ముందే ముగించేశాడు. ఆయనా శౌరీలమ్మా బస్టాపులో నిలబడ్డారు. ఎండ ఇంకా దిగలేదు. చుట్టూ ఆఫీసు జనం, పక్కన జామపళ్ళ బండి. త్యాగరాజు రెండుసార్లు దగ్గాడు.

"శౌరీలూ, నేను సరిగ్గా అడగలేదు. నన్ను పెళ్ళి చేసుకోవడం నీకిష్టమేనా?"

జామపళ్ళవాడికి తెలుగు రాకపోయినా ముసిముసిగా నవ్వాడు. శౌరీలమ్మ ఆయన్ను తలనించి కాళ్ళదాకా చూసింది. ఇరవయ్యారేళ్ళ కిందట చూడాల్సిన చూపు అది, తీరిగ్గా చూసింది.

"అడిగారుగా. ఆలోచించి ఫాదరు గారికే చెప్తాను" అంది. బస్సు రాగానే ఎక్కి ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది.

పన్నెండో తేదీ ఆదివారం ఆకుపచ్చ చీర కట్టుకుని గుడికైతే వచ్చింది. ఫాదర్ చిన్నప్ప ముందు త్యాగరాజును ప్రశ్నలడిగి పంపించి, తర్వాత ఆమెను లోపలికి పిలిచాడు. తలుపు మూశారు. అయిదు నిమిషాలయ్యాయి, పదయ్యాయి. ఒక్క అవును చెప్పడానికి ఇంతసేపెందుకు? బయట సాక్షిగా నిలబడ్డ నిరంజన్ "పాపా, టెన్షన్ మత్ లో" అని ధైర్యం చెప్పాడు. ఇరవై నిమిషాలకు తలుపు తెరుచుకుంది. శౌరీలమ్మ కుర్చీలో నిబ్బరంగా కూర్చునుంది. ఆమె ముఖంలో ఏమీ తెలియడం లేదు.

"ఇక్కడ మీరు కూడా చదివి సంతకం పెట్టాలి మాస్టారూ" అని ఫాదర్ కాగితం ముందుకు తోశాడు.

ఈ వివాహానికి మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా అన్న ప్రశ్న కింద, మామూలుగా అవుననో కాదనో ఉండే చోట, ఫాదర్ దస్తూరీలో ఆమె చెప్పింది చెప్పినట్టుగా ఉంది.

"పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో నన్నెవరూ అడగలేదు. కిందటి శనివారం బస్టాపులో ఈయన అడిగారు. నాకిష్టమే."

త్యాగరాజు దాన్ని మళ్ళీ చదివాడు. సంతోషంతో కళ్ళు నిండిపోయాయి, సంతకం పెట్టాల్సిన గీత కనపడలేదు. కలం పట్టుకుని వెతుక్కుంటున్నాడు.

శౌరీలమ్మ వంగి, ఆయన వేలు పట్టుకుని సరైన చోట పెట్టింది. "కానివ్వండి, అవతల పెళ్ళికి ఆలస్యమవుతోంది."