నాలుగు వేల మూడు

యాభై ఏళ్లు దాటింది. ఒక సంఖ్య నా గుండెల మీద కూర్చుంది, దిగడం లేదు. పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఈ మాత్రమైనా చెప్పగలుగుతున్నాను.

మూడు కోట్ల అరవై లక్షల యాభై అయిదు వేల ఇరవై ఒకటి. చూశారా, ఇప్పటికీ తడుముకోను.

అరవైల చివర నేనూ మల్లేశం యూనివర్సిటీలో లెక్కల్లో రీసెర్చి చేసేవాళ్లం. తార్నాకలో ఒకే గది. మాది కృష్ణా జిల్లా, అతనిది నల్లగొండ వైపు రైతు కుటుంబం. అతని వ్యాసమంతా ఆ సంఖ్య ప్రధాన సంఖ్య అన్నదాని మీదే నిలబడింది. అంటే ఒకటీ, తానూ తప్ప మరేదీ దాన్ని శేషం లేకుండా భాగించకూడదు. డిపార్ట్‌మెంటులో చేత్తో పిడి తిప్పే లెక్కల మిషన్ ఉండేది. ఆరు వేల దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో దాని మీద భాగించి చూడాలి. మూడు వేల వరకు అతను చూసి, పైవి నాకు అప్పగించాడు.

నాలుగు వేల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి లాగేసింది. ఎండ. విసుగు. తార్నాక ఇరానీ హోటల్లో రేడియోలో క్రికెట్ వస్తోంది. ఇన్నిటికి పోనిది ఇక దేనికి పోతుందిలే అనుకుని లేచిపోయాను. లెక్కలు చదివినవాడు అనుకోవాల్సిన మాటేనా అది?

సాయంత్రం మల్లేశం అడిగాడు. "అన్నీ చూసినవా?"

"చూశాను. దేనికీ పోలేదు."

"గట్లయితే అయిపోయినట్టే! నువ్వు చూసినవంటే మళ్ల నేను చూసుడెందుకు?"

నెల తర్వాత మల్లేశం తన వ్యాసం వినిపించిన సెమినార్‌లో, బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఒకాయన బోర్డు మీద నాలుగు వేల మూడుని తొమ్మిది వేల ఏడుతో గుణించి చూపించాడు. అదే సంఖ్య వచ్చింది. నేను ఆపిన చోటు నుంచి రెండో భాగహారం. హాల్లో ఎవరో నవ్వారు. ఈ భాగం ఎవరు చూశారని ఆయన అడిగాడు.

మల్లేశం నా వైపు చూడనైనా చూడలేదు. "నేనే చూసిన సార్. తప్పు నాదే."

వారంలో నాకు ఫెలోషిప్ ఇంటర్వ్యూ ఉంది. అది అతనికి తెలుసు. భయంతో నోరు పెగల్లేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. నోరు బాగానే ఉంది, నేనే తెరవలేదు.

అతను రీసెర్చి మానేసి మౌలాలిలో బడిపంతులయ్యాడు. నేను ప్రొఫెసర్‌నయ్యాను. నేను పొరబడ్డానని అనుకున్నాడా, అసలు చూడనే లేదని పసిగట్టాడా? పసిగట్టి కూడా మీద వేసుకున్నాడా? గది ఖాళీ చేసిన రోజున కూడా అడగలేదు. ఒక్కసారి కాలర్ పట్టుకుని అడిగి ఉంటే నేను మనిషినయ్యేవాణ్ణేమో. చూడండి, ఇప్పుడు కూడా నేరం అతని మీదికే తోస్తున్నాను.

నేను చూడలేదు. చూశానని చెప్పాను. మీతో ఇంత అన్నాక ఊపిరి కాస్త ఆడుతోంది. మల్లేశం ఇంకా మౌలాలిలోనే ఉన్నాడు. ఇక్కణ్ణుంచి బస్సులో అరగంట. నేను వెళ్లలేదు.