దీర్ఘాలు లేని ఫలానా

మట్టెవాడలో నాకు ప్రోగ్రామింగ్ నేర్పిన సార్ పోయారని, ఆయన గది కింద దుకాణం నడిపే టైలరన్న పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు. హనుమకొండలో బయలుదేరి అరగంట లోపే చేరాను. నేనుండేది అంత దగ్గర.

సార్‌కు నా అన్నవాళ్లు లేరు. ఆ మేడ గదిలో ఒక కంప్యూటర్, రెండు కుర్చీలు. రెండోది ఒకప్పుడు నాది. గో అనే కంప్యూటర్ భాష నేర్పుతూ, జాబితాను వరుసలో పెట్టే ప్రోగ్రాం పక్కన కూర్చుని రాయించారు. పూర్ణాంకాలకు ఒకటి, దశాంశాలకు ఒకటి, పేర్లకు ఒకటి. పని ఒక్కటే అయినా రకం మారితే మళ్లీ రాయాల్సిందే. ఒకదాంట్లో తప్పు దొరికితే మూడింట్లోనూ దిద్దాలి. రకం దగ్గర ఖాళీ వదిలి, వాడేటప్పుడు నింపుకునే వీలు వేరే భాషల్లో ఉంది కదా, దీనికేం రోగమని విసుక్కునేవాణ్ణి.

"దీన్ని నమ్ముకున్న పాత ప్రోగ్రాములు ఒక్కటి సుత చెడొద్దు గదరా. జర ఓపిక పట్టు, వస్తది" అనేవారు.

పుస్తకాల్లో ఆ ఖాళీకి టీ అనే ఇంగ్లిష్ అక్షరం పెడతారు. టీ అంటే మనోళ్లకు చాయ్ యాదికొస్తదని, సార్ బోర్డు మీద 'ఫలానా' అని రాసేవారు.

ఏళ్ల తర్వాత గోలోకి ఆ వీలు వచ్చింది. వెంటనే సార్ ఫోన్. తెలుగులో ఫలానా అని రాస్తే కంప్యూటర్ ఒప్పుకోలేదట, దానికి దీర్ఘాలు పడవట. రెండూ తీసేసి 'ఫలన' అంటే నోరు మూసుకుని పనిచేసిందని చాలాసేపు నవ్వారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"మన మూడిట్ని ఒకటి చెయ్యాలె. ఐతారం వస్తవారా?"

వస్తానన్నాను. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు పోయాయో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆయన మళ్లీ అడగలేదు.

అంత్యక్రియలయ్యాక టైలరన్న మేడ గది తాళంచెవి చేతిలో పెట్టాడు. కంప్యూటర్ తెరిస్తే మూడు ప్రోగ్రాములూ అలాగే ఉన్నాయి. సార్‌కది పది నిమిషాల పని. వాటి పైన, కంప్యూటర్ పట్టించుకోని, మనుషులు చదువుకోవడానికి రాసుకునే వరుసలో, దీర్ఘాలతో సహా తెలుగులో ఉంది: 'వాడు వచ్చినంక కలపాలె.'

నా పాత కుర్చీలో కూర్చుని కలిపాను. రకం దగ్గర ఫలన అని పెట్టాను. పైనున్న వరుస చెరపబుద్ధి కాలేదు. ప్రోగ్రాం ఒక్క తప్పూ చూపకుండా నడిచింది. పాత అలవాటు కొద్దీ "అయింది సార్" అంటూ పక్క కుర్చీ వైపు తిరిగాను.