వజ్రమ్మ వేళ్లు

లింబాయత్‌లో మరమగ్గాల షెడ్డులో తెగిన పోగులు ముడివేసే వజ్రమ్మకు, ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ల బట్ట అంచును నలిపి చూసే అలవాటు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషనయ్యాక ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు గానీ, వేళ్లు మాత్రం ఊరుకోవు.

"మళ్లీ రాకుండా కొన్నేళ్లు మాత్ర వేసుకోవాలమ్మా. మీకు ఈ రెండిట్లో ఏదైనా సరే. ఒకదాంతో ఒంట్లో వేడి ఆవిర్లు రావచ్చు, రెండోదాంతో వేళ్ల కీళ్లు పట్టేయొచ్చు," అంది డాక్టర్ నీరజ.

"నొప్పికి గోలీలున్నయి గద. రెండోదే రాయుండ్రి మేడం," అన్నాడు భర్త అంబదాస్.

"నువ్వు జర ఆగు. ఇన్నేండ్లు ఆ షెడ్డుల ఉడికినదాన్ని, నాకు వేడి కొత్తనా? మొదటిదే రాయి బిడ్డా," అంటూనే వజ్రమ్మ, డాక్టర్ కోటు చేతి అంచున తెగిన పోగు దొరకబుచ్చుకొని, చూడకుండానే ముడివేసింది.