తెర వెనుక ఆరో నంబరు

అక్క పోయి నాలుగు నెలలైంది. సంతాపసభలో మాట్లాడినవాళ్లంతా ఆమె ముప్పై ఏళ్లు పిల్లలకు వయొలిన్ నేర్పిందనీ, ఏనాడూ ఎవరిమీదా గొంతు పెంచలేదనీ అన్నారు. నామీద బోలెడుసార్లు పెంచింది. ఆ మాట చెప్పమని నన్నెవరూ పిలవలేదు.

నాకు బాగా గుర్తున్నది ఒక్క ఏడాది. అప్పుడు అక్కకు పదహారు, నాకు పదమూడు. తాళంచెవులు చేసే కొట్టుపైన రెండు గదుల్లో ఉండేవాళ్లం. నాన్న సరుకు లారీ నడిపేవాడు. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. అమ్మ యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. కింద సానమిషన్ కీచుమన్నప్పుడల్లా అక్క వయొలిన్ మీద కమాను ఆపి, "ఇవాళ కొంచెం శ్రుతి తగ్గిందే వీడిది" అనేది.

సంగీత కళాశాలలో ఆ ఏడు వయొలిన్‌కు ఒకే ఒక్క సీటు. పదిహేడు నిండితే పరీక్షకే రానివ్వరు. అంటే అక్కకు అదే మొదటి అవకాశం, అదే చివరిది. పరీక్షలో అక్క పక్కన పియానో మీద తోడు వాయించాల్సింది నేను. ఎప్పుడూ వెనకాలే తిరుగుతానని నాకు 'తోక' అని పేరు పెట్టింది. పియానో మీదా నా పని అదే. అక్క ఎటు పోతే అటు పోవడం.

పరీక్ష ఇంకా ఏడు వారాలుందనగా ఒక ఆదివారం అక్క బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఏదో కమురు వాసన వచ్చింది. గుడ్డ కాలిన వాసన కాదది. చూస్తే, దాని ఎడమచేతి చిటికెన వేలు ఇస్త్రీపెట్టె అంచుకు ఆని ఉంది.

"అక్కా, వేలు!"

చూసుకుని తీసేసింది. అరవలేదు, ఊదుకోలేదు. తెల్లగా ఉబ్బిన చోటును ఎవరి వేలినో చూసినట్టు చూసింది.

"మంటగా లేదా?"

"లేదే." గొంతు తగ్గించింది. "అందుకే భయంగా ఉంది."

చలికాలం నుంచీ అలాగే ఉందట. మొదట తిమ్మిరి, తర్వాత మొద్దుబారడం. వేలు తీగమీద ఆనిందో లేదో కళ్లతో చూసి తెలుసుకోవాల్సి వస్తోందట.

"అమ్మతో చెబుదాం."

"చెప్పి చూడు. ఈ పూటే వయొలిన్ పెట్టెకు తాళం పడుతుంది. కిందే కొట్టు, తాళాలకు కరువా? పరీక్ష అవ్వగానే నేనే చెప్తా. అందాకా నోరు కుట్టేసుకో తోకా."

కుట్టేసుకున్నాను. ఆ రోజు నుంచి నా కళ్లు ఆ వేలిమీదే. అక్క గ్లాసు ఎత్తితే కింద నేనూ చెయ్యి చాచేదాన్ని. కత్తితో ఏదైనా తరుగుతుంటే పక్కనే నిలబడేదాన్ని. "ఏంటే, కాపలా కుక్కలా?" అనేది అమ్మ. ఏం చెప్పను?

ఈలోగా అక్క ఒక పని చేసింది. వయొలిన్‌మీద వాడే వేళ్లు నాలుగు, నాలుగోది చిటికెన వేలు. నోట్స్ కాగితాల్లో ప్రతి స్వరం మీదా ఏ వేలు వాడాలో పెన్సిల్‌తో అంకె వేసి ఉంటుంది. అక్క రబ్బరుతో '4' అని ఉన్న అంకెలన్నీ చెరిపేసి, పాట మొత్తాన్ని మూడు వేళ్లకు దించుకుంది. చిటికెన వేలు చాచి అందుకోవాల్సిన చోటుకు చేతినే గెంతించేది. ఆ గెంతులు వేగంలో ఉంటేనే కుదిరేవి. మూడో పేజీలో పన్నెండు స్వరాలు ఒకే కమాను లాగుడులో పూర్తి చేయాలి. వాటికోసం కమాను పొడవును అంగుళాల లెక్కన పంచుకుంది.

నాలుకతో టక్ టక్‌మని తాళం కొడతాడని మేం గడియారం మాష్టారు అని పిలుచుకునే మా గురువుగారు ఒకరోజు చెవి రిక్కించాడు.

"ఏమ్మా, మూడో పేజీలో చెయ్యి కప్పలా గెంతుతోందేం?"

"అలాగైతే నాదం నిండుగా వస్తోంది మాష్టారూ."

"నిండుగానా? అయితే గెంతనీ."

పరీక్షరోజు అమ్మ సగం రోజు సెలవు పెట్టి వచ్చి, వరండాలో కూర్చోబెట్టి అక్కకు జడ వేసింది.

"తెర వెనక నన్నెవరు చూస్తారమ్మా?"

"వయొలిన్ చూడదూ?"

అక్కడి పద్ధతి అది. పరీక్షించేవాళ్లకూ వాయించేవాళ్లకూ మధ్య నల్లటి తెర. చెప్పుల చప్పుడును బట్టి కూడా ఎవరో తెలియకూడదని నేలమీద తివాచీ. పేరుండదు, నంబరే. తెర వెనక నోరు విప్పితే పరీక్ష రద్దు. వాళ్లేమైనా అడిగితే కాలితో గట్టిగా తట్టాలి: అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు. మాది ఆరో నంబరు. మా ముందు ఐదో నంబరు పిల్లవాడు చెత్తబుట్టలో వాంతి చేసుకుంటుంటే వాళ్ల నాన్న వీపు నిమురుతూ, "ఏం కాలేదురా, నువ్వే ఫస్టు, నువ్వే ఫస్టు" అంటున్నాడు.

లోపలికెళ్లాం. మొదటి పేజీ నీళ్లలా సాగింది. రెండో పేజీలో అక్క భుజాలు వదులయ్యాయి. బాగా వాయిస్తోంది. ఎంత బాగా అంటే, తెర అవతల కలం గీసే చప్పుడు ఆగిపోయింది. నేను మాత్రం మూడో పేజీ దగ్గరపడుతున్నకొద్దీ ఆ ఎడమచేతినే చూస్తున్నాను. చెయ్యి జారితే? గెంతు తప్పితే?

కాస్త వెసులుబాటు ఇద్దామనుకున్నాను. పన్నెండు స్వరాల దగ్గరకు రాగానే, కావాలనో భయంతోనో, నా వేళ్లు నెమ్మదించాయి. రవ్వంతే. నేనెప్పుడూ అలా చేయలేదు, తడబడ్డాననుకుని అక్క నాకోసం ఆగింది. తొమ్మిదో స్వరానికే కమాను కొసకు వచ్చేసింది. వేగం తగ్గి గెంతు కుదరక ఎడమచెయ్యి తీగలమీద పైనే చిక్కుకుపోయింది. అక్కడినుంచి అందేది చిటికెన వేలొక్కటే. ఆ వేలు వేసింది. అది తీగ పక్కన చెక్కమీద పడింది. కీచుమంది.

అక్క ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను.

తెర అవతల పెద్దాయన ఎవరో మెల్లగా అన్నాడు: "ఆరో నంబరు, కంగారు పడకు. కావాలంటే ఆ పేజీ మళ్లీ వాయించు. వాయిస్తావా?"

ఒక్కసారి తడితే చాలు. నేను అక్క పాదంవైపు చూశాను. లేచింది. గాల్లోనే ఉంది. తర్వాత చప్పుడు చేయకుండా తివాచీమీద ఆనింది.

"నా వేలు పనిచేయట్లేదు సార్," అంది అక్క, గట్టిగానే.

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో నిట్టూర్చారు. మా పరీక్ష అంతటితో రద్దు.

తలుపుదాకా వెళ్లాక, "అక్కా, నేనే నెమ్మదిగా..." అన్నాను.

"తెలుసు. నోర్మూసుకుని పెట్టె పట్టుకో."

వరండాలో అమ్మ మా మొహాలు చూసి లేచి నిలబడింది. అక్క చెప్పేసింది, కాలిన రోజుతో సహా. తిడుతుందనుకున్నాను. అమ్మ అక్క చెయ్యి లాక్కుని చిటికెన వేలి కొసను గోటితో నొక్కింది.

"తెలుస్తోందా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

పక్క వేలు నొక్కింది. "ఇక్కడ?"

 అక్క ముఖంలో రంగు పోవడం చూశాను. "నొక్కావా అమ్మా?" అంది.

అమ్మ సంచీ భుజానికి తగిలించుకుంది. "పదండి."

"ఎక్కడికి? మాష్టారు బయట ఎదురుచూస్తుంటారు."

"టక్ టక్ కొట్టుకుంటూ ఉండమను. ఆస్పత్రికి."

బస్సులో అమ్మ అక్క పక్కన కూర్చుంది, నేను వాళ్లకెదురుగా వయొలిన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని. దారి పొడుగునా అమ్మ ఆ చెయ్యి వదల్లేదు. ప్రతి స్టాపులోనూ అడుగుతూనే ఉంది, "ఇప్పుడేమైనా తెలుస్తోందా?" అని. రెండు స్టాపులు లేదంది అక్క. మూడో స్టాపులో అమ్మ గొంతు వణికింది.

"ఆఁ, తెలుస్తోందమ్మా," అంది అక్క కిటికీలోంచి బయటకు చూస్తూ.

అప్పుడు అమ్మ పట్టుకుని ఉన్నది దాని చిటికెన వేలినే.