గోపమ్మ అరచేతులు

దేవరకొండలో పసిపిల్లలకు తానాలు పోసే గోపమ్మకు సొంత పిల్లలు లేరు. పీట మీద కూర్చుని, బారజాపిన కాళ్ల మీద పిల్లాణ్ణి పడుకోబెట్టుకుందంటే, శనగపిండితో ఒళ్లు నిగనిగలాడే దాకా రుద్దుతూనే ఉంటుంది. "మురికి పోవాలె గదా" అంటుంది. అలాంటిది, తను తానం పోసే సుమన కొడుకు తొడలు ఎర్రగా కంది, పొట్టు రేగి, పగుళ్లు పట్టేసరికి ఆమె గుండె జారిపోయింది. దవాఖానకు పోయొచ్చిన సుమన, "రుద్దొద్దన్నరు అవ్వా. ఉత్త గోరువెచ్చని నీళ్లే పొయ్యాల్నట. తోలు మీద కండ్లకు కానరాని మంచి పురుగులుంటయట. తోలును కాపాడేటందుకు, పగిలితే మానేటందుకు అవి సాయం చేస్తయట" అంది.

గోపమ్మ నమ్మలేదు, అలాగని కొట్టిపారేయనూ లేదు. పిల్లాణ్ణి కిటికీ వెలుతురుకు ఎత్తి, కళ్లు చిట్లించి తొడలంతా వెతికింది. "ఏడికెల్లి వచ్చినయే గవి?" అని అడిగింది. "తల్లి నుంచి, ఎత్తుకున్నోళ్ల చేతుల నుంచి అంటుకుంటయట" అంది సుమన. రుద్దడం మాని ఉత్త నీళ్లే పోస్తూ వారం తిరిగేసరికి తొడలు మళ్లీ నునుపు తేలాయి. ఆ పొద్దు తానం అయ్యాక గోపమ్మ పిల్లాణ్ణి వెంటనే తల్లికి అందించలేదు. తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుని, వాడి వీపు మీద మెల్లగా ఆనించింది.

"అయితే సుమనా, గీ ఊళ్లె సగం మంది మీద నావే బతుకుతున్నయన్నట్టు!"